దమ్ము అని మేమే చెప్పాం

మా ఇంట్లో ఇప్పుడొక నియమం ఉంది. ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా డాక్టర్ దగ్గర రోగం పేరు ఎత్తకూడదు. ఎక్కడ నొస్తోంది, ఎప్పటి నుంచి నొస్తోంది, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఇవి మాత్రమే చెప్పాలి. ఈ నియమం పెట్టింది నేనే. "రోగానికి పేరు వెట్టి తొట్టెల జేసుడు మన పని గాదంటవ్" అని బాపు నన్ను ఆటపట్టిస్తాడు. నవ్వుతాడు గానీ, నా మెడ కింద నుంచి మొదలయ్యే కుట్టుగీత కంటపడితే వెంటనే చూపు తిప్పుకుంటాడు.

ఆపరేషనయి ఐదు నెలలైంది. కూర్చుని రాసే ఓపిక వచ్చింది. నాలాగా మైదానంలో పరుగెత్తే ఆడపిల్ల ఒక్కతైనా, ఆమె తల్లి ఒక్కతైనా ఇది చదివితే చాలని రాస్తున్నాను. రాస్తే నా మనసు కూడా కుదుటపడుతుందేమో చూద్దామని ఉంది.

మాది కుండల్‌వాడి, తెలంగాణ అంచున ఉన్న మహారాష్ట్ర ఊరు. బాపుకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. అమ్మది బోధన్. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా మరాఠీ ఆమెకు ఇంకా చుట్టపు భాషే, పలకరించడం వరకే వస్తుంది. నేను మరాఠీ బడిలో చదివాను, తెలుగు రాయడం మాత్రం అమ్మ పలక మీద దిద్దించింది. ఈ భాషల గొడవ ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

నాకు చిన్నప్పటి నుంచి బాగా వచ్చిన పని ఒక్కటే, పరుగు. బీఏ అయ్యాక నాందేడ్‌లో బీపీఎడ్ కాలేజీలో చేరాను. రెండేళ్ళ చదువు. అది పూర్తయితే బడిలో పీటీ టీచర్ కావచ్చు. దుకాణం దగ్గర కూర్చునేవాళ్ళు "ఆటలకు కాలేజేంది సేటూ, పోరగాండ్లు గల్లీల ఆడుకుంటలేరా?" అన్నారు. బాపు ఊరుకోలేదు. "ఆటలు గాదు, శాస్త్రం. మనిషి గుండె ఎట్ల కొట్టుకుంటది, ఊపిరి ఎట్లాడుతది, అన్నీ సదువుతది మా బిడ్డ" అన్నాడు. ఆ మాట ఆయన వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పేవాడు.

ఆగస్టు

తెల్లారి ఆరింటికి మైదానం, మధ్యాహ్నం తరగతులు. ఎముకలు, కండరాలు, తిండి, నిద్ర, వ్యాయామ శాస్త్రం. కాలేజీ గోడ మీద ఆరోగ్యమే సంపద అని మనిషంత అక్షరాలతో మరాఠీలో రాసి ఉండేది. రూములో నాకు తోడు వైశాలి. నాయ్‌గావ్ పిల్ల, కబడ్డీ ఆడుతుంది, నిద్రలో కూడా ఎవరినో పట్టుకుంటున్నట్టు చేతులు చాపుతుంది.

మమ్మల్ని పక్క బడికి పంపి పాఠాలు చెప్పించేవారు. నా మొదటి పాఠం నాలుగో తరగతి పిల్లలకు. నలభై మంది మైదానంలో చిందరవందరగా పరుగెత్తుతున్నారు, ఎవడూ నా మాట వినడం లేదు. మెడలో ఈల తీసి ఊదాను. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి నావైపు తిరిగారు. నలభై జతల కళ్ళు. నా బతుకులో నేను అంత ముఖ్యమైన మనిషినని ఎప్పుడూ అనిపించలేదు. నాకు కావలసింది ఇదేనని ఆ రోజు ఖాయం చేసుకున్నాను.

దీపావళి తర్వాత

సెలవుల నుంచి వచ్చాక పరుగు బరువెక్కింది. రెండు చుట్లకే ఊపిరి అందేది కాదు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించేదాన్ని. ఒక రోజు మా మైదానం సర్‌తో చెప్పాను.

"సర్, దమ్ లాగ్‌తో."

ఆయన నవ్వాడు. మరాఠీలో ఆ మాటకు ఊపిరెగిసిపోతోందని అర్థం. పరుగెత్తే ప్రతివాడూ రోజూ అనే మాటే. పరుగెత్తితే దమ్ కాక ఇంకేం వస్తుంది, దీపావళికి లడ్డూలు ఎక్కువయ్యాయి, ఇంకో రెండు చుట్లు ఎక్కువ కొట్టు, అదే పెరుగుతుంది అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండలో మేం కూర్చుంటే తన టోపీ తీసి ఇచ్చే మనిషి. నేను చెప్పిన మాటకు ఆయన భాషలో ఉన్న అర్థమే ఆయన తీసుకున్నాడు. నేను రెండు చుట్లు ఎక్కువ కొట్టాను.

ఆ ఆదివారం ఇంటికి వెళ్ళి అమ్మతో అన్నాను.

"అమ్మా, నాకు దమ్మస్తుందే."

అమ్మ చేతిలో చాట కింద పెట్టింది. మా తెలుగులో దమ్ము అంటే అలసట కాదు, ఉబ్బసం. అమ్మ తండ్రి, మా బోధన్ తాత, దానితోనే ఇరవై ఏళ్ళు మంచం మీద కూర్చుని ఎగపోస్తూ పోయాడు.

"మా బాపుది నీకచ్చిందా బిడ్డా? ఇంకెవ్వరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఆడపిల్లవు. ఊరంతా డప్పు గొడ్తరు."

మర్నాడు అమ్మే నన్ను ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. బయట ముప్పై మంది ఉన్నారు. లోపలికి వెళ్ళగానే ఆయన ఏమైందని అడిగీ అడగకముందే అమ్మ తనకొచ్చిన హిందీలో గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "ఇస్కూ దమా హై డాక్టర్ సాబ్. మేరే బాప్ కూ భీ థా." దీనికి దమ్మే, మా బాపుకూ ఉండేదని. ఆయన స్వెటర్ మీద నుంచే వీపుకు గొట్టం ఆనించాడు. తలాడించి మాత్రలూ, నోట్లోకి పీల్చే మందూ రాశాడు. నేను నోరు తెరవలేదు. ఊపిరితిత్తుల బొమ్మ గీసి భాగాల పేర్లు రాసి పాసైనదాన్ని, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను.

రోగం పేరు డాక్టర్ చెప్పలేదు, మేమే చెప్పాం. ఆయన మందు రాశాడంతే. దమ్ అనే మాట నా నోట్లోంచి బయలుదేరి సర్ దగ్గర అలసట అయింది, అమ్మ దగ్గర ఉబ్బసం అయింది, హిందీలో మందుచీటీ అయింది. నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చాం. అమ్మ దారిలో నాకు చెరకురసం తాగించింది.

పీల్చే మందుతో కొంచెం తేలికైనట్టే అనిపించేది. అనుకోవడంలో ఎంత బలముందో!

డిసెంబరులో మాకు ఇంటర్నల్ పరీక్ష పెట్టారు. వ్యాయామం చేస్తున్న మనిషిని ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆపించాలి, రాయండి అని ఒక ప్రశ్న. నేను వరుసగా రాశాను. శ్వాస తీసుకోవడంలో కష్టం. వెల్లకిలా పడుకుంటే అది ఎక్కువ కావడం. గుండె దడ. పాదాల వాపు. ఆపకుండా దగ్గు. వెంటనే వైద్యుడి దగ్గరికి పంపాలి అని కింద గీత కూడా గీశాను. ఆ గీత గీస్తున్నప్పుడు నా బూట్ల లేసులు విప్పి ఉన్నాయి, పాదాలు ఉబ్బి బూట్లు పట్టడం లేదని. దీపం కింద చీకటి అంటే ఇదే. కానీ పుస్తకంలో ఉన్నది గ్రాంథిక మరాఠీ, శ్వాసకష్టం అని. నాకు వచ్చేది దమ్ము. రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. ఇది చదివేవాళ్ళు నమ్మకపోయినా నేను చేసేదేమీ లేదు. తరగతిలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

జనవరి

పన్నెండు నిమిషాల పరుగు పరీక్ష. ఆ సమయంలో ఎంత దూరం వెళితే అన్ని మార్కులు. మూడో చుట్టులో దగ్గు వచ్చింది. ఆగలేదు. నోట్లో ఉప్పగా తగిలింది. ట్రాక్ మీదే కూర్చుండిపోయాను. నీళ్ళలో మునిగినవాళ్ళకు అలాగే ఉంటుందేమో, చుట్టూ అంత గాలి ఉంది, నా లోపలికి ఒక్క గుక్క కూడా రావడం లేదు. చనిపోతున్నానని అనుకున్నాను. భయం కన్నా ముందు సిగ్గు వేసింది, అందరూ చూస్తున్నారని. రుమాలు చూస్తే గులాబీ రంగు నురగ. సర్ పరుగెత్తుకొచ్చి నన్ను లేపబోయాడు.

వైశాలి నన్ను ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ. మాకన్నా ఐదారేళ్ళు పెద్దదేమో. ముందు ఆక్సిజన్ పెట్టించి, సూది ఇచ్చి, నేను కొంచెం తేరుకున్నాక మంచం అంచున కూర్చుంది. నేను అలవాటు ప్రకారం "దమా ఉంది మేడం" అన్నాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. మరాఠీలో ఒక వింత ప్రశ్న అడిగింది.

"పడుకునేటప్పుడు ఎన్ని దిండ్లు పెట్టుకుంటావు?"

నేను ఆలోచిస్తుంటే వైశాలి చెప్పింది. "మూడు. అందులో ఒకటి నాది. రెండు నెలల నుంచి నేను దిండు లేకుండానే పడుకుంటున్నాను."

డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఎడమ పక్కకు తిప్పి మళ్ళీ విన్నది. నా గుండెను అంత ఓపికగా విన్న మొదటి మనిషి ఆమె.

"ఇది దమా అని నీకు ఎవరు చెప్పారు?"

"మేమే చెప్పాం" అన్నాను.

జీపులో ఎవరి ఒళ్ళో కూర్చుని వచ్చారో గానీ మధ్యాహ్నానికల్లా అమ్మా బాపూ వచ్చేశారు. గుండెలో ఒక తలుపు, కవాటం, బిగుసుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. చిన్నప్పుడు ఎప్పుడైనా గొంతునొప్పి, జ్వరం వచ్చి కీళ్ళు వాచాయా, ఒక కీలు తగ్గితే ఇంకో కీలు పట్టిందా అని అడిగింది. నేను మరాఠీ ప్రశ్నను అమ్మకు తెలుగులో చెప్పాను. చెబుతుండగానే అమ్మ ముఖం మారిపోయింది.

నాకు పదేళ్ళప్పుడు. ముందు మోకాళ్ళు, తర్వాత మడమ, తర్వాత మోచేయి. దుంకి దుంకి తెచ్చుకున్నావని అమ్మ తిట్టి, వేడి నూనె రాసి, ఆవాల పట్టు వేసింది. పదిహేను రోజుల్లో తగ్గింది. తగ్గిందనుకున్నాం. ఆ జ్వరం కీళ్ళను వదిలి గుండెలో కాపురం పెట్టిందట.

"నూనె వెట్టి తగ్గించిన అనుకున్న" అంది అమ్మ. డాక్టరమ్మతో కాదు, నాతో కాదు, గోడతో.

ఆ తర్వాత ఇంట్లో రోజులు చెప్పుకునేలా లేవు. బాపు ఎన్నడూ అమ్మను ఒక మాట అనని మనిషి. "నీకేం ఎరుకని దమ్మని చెప్పినవ్? గంత తెలివి ఎవ్వడియ్యమన్నడు?" అన్నాడు. అమ్మ కూడా ఊరుకోలేదు. "ఉరుకు ఉరుకు అని ఎగదోసింది ఎవలు? ఊరందరికీ శాస్త్రం శాస్త్రం అని చెప్పుకున్నది ఎవలు?" అంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గదా, మా ఇంట్లో అందరూ పంచుకున్నారు. నేను కూడా నా వంతు తీసుకున్నాను. నోరుండీ మాట్లాడనిది నేనే.

ఫిబ్రవరి

నాందేడ్‌లో గుండె డాక్టర్ దగ్గర వారానికోసారి వేచి ఉండడం. ఇనుప కుర్చీల వరుస, పైన తిరిగీ తిరగని ఫ్యాను. మా నంబరు ఎప్పుడని అడిగితే తలుపు దగ్గర మనిషి "దమ్ ధరా, దమ్ ధరా" అనేవాడు. మరాఠీలో ఓపిక పట్టండి అని. ఆ మాట మా పీడ వదలలేదు. "పట్టుకోవడానికి అదే లేకనే గదా వచ్చింది" అని నేనంటే వైశాలి నవ్వింది. అమ్మకు అర్థం చెప్పాక అమ్మ కూడా నవ్వింది. జనవరి తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ఏడ్చింది.

మా పక్క కుర్చీలో ఉమ్రి నుంచి వచ్చే ఒక ముసలమ్మ కూర్చునేది. అమ్మ గొంతు విని "మనోల్లేనా?" అని తెలుగులో పలకరించింది. ఆమెకు కూడా నాలాంటి జబ్బే, ముదిరిపోయాక బయటపడిందట. పొద్దుటి నుంచి అమ్మ ఏమీ తినలేదని ఎలా కనిపెట్టిందో, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టె సగం తుంచి, పల్లీల కారం పెట్టి చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. తల్లి ఎండితే పిల్ల తాగేదేంది?"

అమ్మ ఆ రొట్టె ముక్కకూ ముక్కకూ కళ్ళు తుడుచుకుంటూ తిన్నది. "నేనే జేసిన అవ్వా ఇదంతా" అంది. ముసలమ్మ విసుక్కుంది. "నువ్వు జేసినవా? జొరం జేసింది. నువ్వు నూనె రాసినవ్, విషం రాసినవా?" మా చుట్టాలందరూ కలిసి చెప్పలేని మాట ఆమె రొట్టె నములుతూ చెప్పింది. మరుసటి వారం కూడా ఆమె వచ్చింది. మూడో వారం రాలేదు, నాలుగో వారమూ రాలేదు. ఎవరినైనా అడుగుదామంటే ఆమె పేరు మాకు తెలియదు. అమ్మ ఆ రోజు ఆమె కోసం నువ్వుల ఉండలు కట్టుకొచ్చింది. వాటిని మళ్ళీ ఇంటికే తెచ్చుకున్నాం.

మార్చి

కవాటం మార్చాలన్నారు. రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాం. డాక్టర్ తెలుగులో మాట్లాడుతుంటే అమ్మ ప్రతి మాటా స్వయంగా విని, స్వయంగా అడిగింది. ఎంత ధైర్యం వచ్చిందో ఆమెకు! "మేం పేరు చెప్పం సారూ, మీరే చెప్పుండ్రి" అంది. ఆయనకు అర్థం కాలేదు.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. కళ్ళు తెరిచేసరికి గొంతులో గొట్టం, ఒళ్ళంతా ఒక లారీ నా మీద ఆగి ఉన్నట్టు బరువు. దాహం. ఒక నర్సు తడి దూదితో పెదాలు అద్దింది. నీళ్ళు ఇవ్వడానికి లేదమ్మా అంటూనే మళ్ళీ మళ్ళీ అద్దింది. ఆమె ముఖం నాకు గుర్తు లేదు, మాస్కు ఉంది. చెయ్యి గుర్తుంది.

నాకు పెట్టింది లోహపు కవాటం. గది నిశ్శబ్దంగా ఉంటే నా లోపల టిక్కు టిక్కుమని వినబడుతుంది. మొదట్లో భయం వేసింది. తర్వాత అది ఆగితేనే భయపడాలని తెలిసింది.

పంపించే రోజు డాక్టర్ కూర్చోబెట్టి చెప్పాడు. రక్తం పలచబడే మాత్ర రోజూ, బతికినన్నాళ్ళూ. ఆ జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకో సూది. నడవొచ్చు, నడవాలి. పందెం పరుగులు, బరువులు, దెబ్బలు తగిలే ఆటలు వద్దు. పెళ్ళయి పిల్లలనుకుంటే ముందుగా తనను కలవాలి. అమ్మ చివరి మాట దగ్గర తల దించుకుంది. నేను మాత్రం ఒక్కటే అడిగాను.

"ఈల ఊదొచ్చా సార్?"

ఆయన నవ్వి, "ఈలదేముందమ్మా, నీ ఇష్టమొచ్చినంత ఊదుకో" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నాందేడ్ దాకా ఆనందంగా వచ్చాను. ఎంత పిచ్చిదాన్నో. ఈల ఊదడానికి ముందు పట్టా రావాలి, పట్టాకు సగం మార్కులు మైదానంలోనే ఉన్నాయి. పరుగు, దూకడం, కుస్తీ, కబడ్డీ. ఏ డాక్టరూ నాకు ఆ కాగితం మీద సంతకం పెట్టడు.

వైశాలి ఏప్రిల్ అంతా నాకోసం నోట్సు రాసింది. రాయొద్దని చెప్పలేకపోయాను. తన చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది, నాకోసం మాత్రం గుండ్రంగా రాసింది. ఆ నోట్సు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, తెరవలేదు.

మళ్ళీ ఆగస్టు

రెండో ఏడు తరగతులు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ మేడం ఫోన్ చేసి, నీ ఇష్టం తల్లీ, కానీ పేరు ఉంచాలా తీసేయాలా చెప్పాలి అన్నారు. ఎంతో సున్నితంగానే అన్నారు. నిన్న బాపూ నేనూ వెళ్ళాం.

మైదానం పక్క నుంచే ఆఫీసుకు దారి. కొత్త పిల్లలు పరుగెత్తుతున్నారు. మా సర్ నన్ను చూసి వచ్చాడు. చేతిలో ఒక కాగితాల అట్ట. కొత్తగా చేరిన ప్రతి పిల్లనూ పక్కకు పిలిచి, చిన్నప్పుడు కీళ్ళు వాచాయా, పడుకుంటే ఊపిరాడుతుందా అని అడిగి రాసుకుంటున్నానని చెప్పాడు. ఇంకేం అడగాలి అని నన్నే అడిగాడు. ఎన్ని దిండ్లో కూడా అడగమన్నాను. ఆయన రాసుకున్నాడు. రాసుకుంటూ "మాఫ్ కర్" అన్నాడు. మాఫీ చేయడానికి కోపమన్నా ఉండాలి కదా, నాకు దుఃఖమే ఉంది.

ఆఫీసులో ప్రవేశం రద్దు చేసుకునే ఫారం ఇచ్చారు. పేరు, తరగతి రాశాను. కారణం అని ఉన్నచోట ఆగాను. బాపు పక్కకు వంగి చెవిలో అన్నాడు.

"ఘర్‌గుతీ కారణ్ అని రాయి బిడ్డా."

ఇంటి కారణం అని. నాకు ఒళ్ళు మండింది. ఇంత జరిగాక కూడానా! రేపు సంబంధాలు చూసేవాళ్ళ కోసం దాచమంటున్నాడని అనుకున్నాను.

"ఇంట్ల ఏమైంది బాపూ? ఇల్లు కూలిందా? రోగమచ్చింది. రోగమనే రాస్త. ఒక్కసారి మాట తప్పు చెప్పి ఇంత దూరం అచ్చినం. ఇంకా తప్పు చెప్పమంటవా?"

గొంతు పెద్దదైంది. ఫైళ్ళు సర్దుతున్న క్లర్క్ తలెత్తి చూశాడు. బాపు చిన్నబోయాడు. మెల్లగా అన్నాడు.

"గట్ల గాదు బిడ్డా. మొన్ననే ఆ క్లర్క్ సాబ్‌కు ఫోన్ జేసి అడిగిన. రోగమని రాస్తె మళ్ల చేరుడు కష్టమట. ఇంటి కారణమంటె ఎప్పుడైనా అచ్చి చేరచ్చునట."

నేను క్లర్క్ వైపు చూశాను. ఆయన చూపు దించుకున్నాడు. ఎప్పుడు చేరాలన్నా డాక్టర్ కాగితం కావాలి. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆ గదిలో తెలియంది బాపు ఒక్కడికే. లేదా ఆయనకూ తెలుసేమో.

నేను ఘర్‌గుతీ కారణ్ అని రాశాను. కింద సంతకం చేశాను. ఫారం పైన నా కన్నీటి చుక్క పడితే బాపు భుజం మీది తువ్వాలుతో అద్దాడు, అక్షరాలు చెదరకుండా. తర్వాత తనే దాన్ని రెండు చేతులతో పట్టుకుని క్లర్క్ దగ్గరికి తీసుకెళ్ళాడు. వచ్చే ఏడు ప్రవేశాలు ఎప్పుడు మొదలవుతాయని అడిగాడు. ఆయన చెప్పిన తేదీ, పెన్ను అడిగి తీసుకుని, అరచేతిలో రాసుకున్నాడు.